నాకు వెయ్యి, వదినకి పద్నాలుగొందలు
ఏడో భాగం

పోయిన ఆదివారం నేను ఆడిన అబద్ధం పెద్దదేమీ కాదు, రెండు మాటలు. "చల్లగానే ఉంది" అన్నాను. అంతే.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. మా నాన్న మెకానిక్. తెలిసినవాళ్ళంతా ఆయన్ని బండ్ల డాక్టరు అంటారు. ఎవరికి పాత కారు చూసిపెట్టాల్సి వచ్చినా తాళం అడగడానికి ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. అమ్మేవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు, మనం వెళ్ళే ముందే ఇంజన్ తిప్పి వేడెక్కించి ఉంచుతారు. వేడి మీద ఉన్న ఇంజన్‌లో రోగాలు బయటపడవు. రేకు వెచ్చగా తగిలిందంటే నాన్న ఇక మాట్లాడడు. "రేపు పొద్దున్నే వస్తాం, అప్పటిదాకా ముట్టుకోకండి" అని వెనక్కి తిరుగుతాడు. అలాంటి మనిషికి సరిగ్గా ఆ వారమే రేడియేటర్ మూత ఎగిరి రెండు చేతులూ కాలాయి. రెండింటికీ కట్లు. వదిన కోసం చూస్తున్న తెల్ల బండి ముందు నన్నూ వదిననీ వెంటబెట్టుకుని నిలబడి, "ఇవాళ్టికి నా చేతులు నువ్వే. పెట్టి చెప్పు" అన్నాడు నాతో. పెట్టాను. వెచ్చగా ఉంది. చల్లగానే ఉందన్నాను. ఆ మాట మీద బేరం కుదిరిపోయింది.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకు ఇరవై ఒకటి, ఆమెకి ఇరవై మూడు. వాళ్ళ నాన్న ఆమె చిన్నప్పుడే పోయాడు. మేనత్త దూరాన ఒక హాస్టల్లో వార్డెన్. ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే నర్సు ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ, అంటే మూడేళ్ళుగా, వదిన మా ఇంట్లోనే ఉంటోంది. నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. ఇద్దరికీ లైసెన్సులు ఈ ఏడాదే వచ్చాయి. ఆమెకి మొదటిసారికే, నాకు మూడోసారికి. ఇద్దరికీ చెరో పాత చిన్న కారు చూసిపెడతానన్నాడు నాన్న. నాకు పదకొండేళ్ళ నాటి ఎర్ర బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టి, "వెయ్యి సీసీ. నీకిది చాలు" అన్నాడు. వదినకి మాత్రం పద్నాలుగొందల సీసీ చూశాడు. ఇరవై అయిదు నిండనివాళ్ళ చేతిలో అంత ఇంజన్ పెడితే ఇన్సూరెన్స్ బాగా ఎక్కువ పడుతుందని ఏజెంటు చెప్పినా వెనక్కి తగ్గలేదు. "ఆ తేడా నేను కడతాలే" అన్నాడు. ఆ 'చాలు' నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

నాన్న కారణాలు చెప్పకపోలేదు. చాలా చెప్పాడు. "నువ్వు ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి. అన్నీ సందులు, సిగ్నళ్ళు. చిన్న ఇంజన్ అయితే పెట్రోలు తక్కువ తాగుతుంది, ఎక్కడ పడితే అక్కడ పార్కింగ్ దొరుకుతుంది. అది అలా కాదు, ఆక్సిజన్ సిలిండర్ వెనకాల పడేసుకుని కొండ మీద కాలనీకి ఎక్కాలి. సిలిండరూ పెట్టెలూ వేస్తే వెయ్యి సీసీ మూడో మలుపుకే రొప్పుతుంది" అన్నాడు. ఒక్కటీ కాదనలేని మాటలు. కానీ కుళ్ళు పట్టినవాళ్ళ చెవులు వేరే ఉంటాయి. నాకు వినపడింది ఇంకొకటి. అది నడపగలదు, నువ్వు నడపలేవు. అది ముఖ్యం, నువ్వు తర్వాత.

కారు విషయం నిన్నగాక మొన్నటిది. నా కడుపుమంట అంతకు ముందే మొదలైంది. నాలుగు నెలలుగా సాయంత్రం అయ్యేసరికి పెరటి షెడ్డులో నాన్నా వదినా ఒకే బల్బు కింద తలలు వంచుకుని ఏదో ఇంజన్ మీద పడేవారు. ఆమె లైటు పట్టుకునేది, ఆయన పాన తిప్పేవాడు. మధ్యమధ్యలో నవ్వులు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడితే ఇద్దరూ మాట ఆపేసేవారు. "నీకెందుకే ఈ గ్రీజు, లోపలికి పో" అనేవాడు నాన్న. తర్వాత వదిన లోపలికి వచ్చి నా సబ్బుతో గోళ్ళ సందుల్లో నల్లమరకలు తోముకునేది. నా సబ్బే ఎందుకో. నల్లగా తేలిన ఆ సబ్బు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

సరే, ఈ వారం సంగతికి వద్దాం.

కాగితాల్లో పేరు మార్చడానికి అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ నేను షాపులో ఒకళ్ళ అద్దాలు ఇంకొకళ్ళ ఫ్రేములో బిగించబోయి రెండుసార్లు మా ఓనరు చేత తిట్లు తిన్నాను. చెప్పేద్దామని నాన్న దగ్గరికి వెళ్ళడం, అక్కడ వదిన ఆయనకి అన్నం కలిపి పెడుతూ కనపడటం, మళ్ళీ మూతి ముడుచుకుని గదిలోకి వచ్చేయడం. చేతులు కాలినాయనకి ఎవరో ఒకరు పెట్టాలి కదా. నేనెందుకు పెట్టలేదంటే, నేను లేచి వెళ్ళేసరికే ఆమె కూర్చుని ఉండేది.

శనివారం సాయంత్రం అమ్మినాయన బండి తెచ్చి మా వాకిట్లో పెట్టి రెండు తాళాలూ వదిన చేతిలో పెట్టాడు. దారంతా నడుపుకుంటూ వచ్చాడు కాబట్టి ఇంజన్ కిమ్మనలేదు. వదిన బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది. హెడ్‌లైటు మీద దుమ్ము చొక్కా చేతితో తుడిచింది. నన్ను పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకుంది. ఆ ఫోటోలో నా నవ్వు చూస్తే పన్ను పీకించుకుని వచ్చినదానిలా ఉన్నాను.

"రేపు పొద్దున్నే కట్లు విప్పుతారు. వచ్చాక చల్లటి ఇంజన్ ఒకసారి వింటాను. అప్పటిదాకా కదపకు" అన్నాడు నాన్న ఆమెతో.

నా ప్రాణం కాస్త కుదుటపడింది. రేపు ఆయనే కనిపెడతాడు, నేను చెప్పే పని లేదు. ఎలా తెలియలేదే నీకు అని అడిగితే ఎండకి వేడెక్కిందనుకున్నా అంటాను. మాట కూడా సిద్ధం చేసుకుని పడుకున్నాను.

ఆదివారం ఏడింటికి నాన్న క్లినిక్‌కి వెళ్ళాడు. ఏడున్నరకి వదిన ఫోను మోగింది. కొండ మీద కాలనీలో ఒక పెద్దాయనకి రాత్రి నుంచి మూత్రం గొట్టం మూసుకుపోయిందట, ఆయన భార్య ఏడుస్తోంది. వదిన రెండు నిమిషాల్లో సంచీ సర్దుకుని బయటికొచ్చింది. నేను వరండాలో తల తుడుచుకుంటున్నాను. ఆమె తెల్ల బండిలో కూర్చుని తాళం తిప్పింది.

గలగలమంది. రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు చప్పుడు. నాన్న నాకు ఇంజన్లు నేర్పకపోయినా ఈ ఇంట్లోనే పుట్టాను, అది మంచి చప్పుడు కాదని తెలుసు. వదిన తల తిప్పి నా వైపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఆరేడు క్షణాల తర్వాత చప్పుడు తగ్గింది. ఆమె గేటు దాటి వెళ్ళిపోయింది.

ఆగు అంటే ఆగేది. నాకు నోరు పెగల్లేదు. భయంతో కాదు. ఆ బండిలో ఆమె అంత నిటారుగా కూర్చుని ఉంటే, అద్దం సర్దుకుంటూ ఉంటే, నాకు మళ్ళీ కడుపు మండింది. అంతే జరిగింది. ఇంకో విధంగా చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను.

ఎనిమిదిన్నరకి నాన్న వచ్చాడు. చేతుల మీద కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడవలేకపోతున్నాడు. వాకిట్లో ఖాళీ చూసి ఆగిపోయాడు.

"బండేదీ?"

"కొండ మీద నుంచి ఫోనొచ్చింది. అర్జెంటని వెళ్ళింది."

"కదపొద్దని చెప్పానుగా." ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "పోనీలే, రోగి సంగతి. స్టార్ట్ చేసినప్పుడు నువ్విక్కడే ఉన్నావా? ఎలా ఉంది?"

"గలగలమంది" అన్నాను. "ఆరేడు క్షణాలు. తర్వాత తగ్గింది."

ఆయన మొహంలో రంగు మారింది. "టైమింగ్ చైను" అన్నాడు. "ఇంజన్ లోపల పళ్ళచక్రాల మీద తిరిగేది, వదులైపోయింది. అది ఒక్క పన్ను జారిందంటే ఇంజన్ నడిరోడ్డు మీద చచ్చిపోతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రాయిలా అవుతుంది. అదీ ఆ మలుపుల్లో." తల అడ్డంగా ఊపాడు. "కానీ ఆ రోజు చల్లటి ఇంజన్ మీద ఇలా అనలేదే. నేను పక్కనే నిలబడి విన్నాను. ముప్పై ఏళ్ళ నుంచి వింటున్నాను. చేతులతో పాటు నా చెవులు కూడా పోయినట్టున్నాయి."

ఆ మాట ఆయన సరదాకి అనలేదు. కుడిచెవి దగ్గర వేళ్ళు ఆనించుకుని నిజంగానే ఆలోచిస్తున్నాడు. ఇంకేమన్నా ఓర్చుకునేదాన్నేమో, అది మాత్రం నావల్ల కాలేదు.

"నీ చెవులకేం కాలేదు నాన్నా. ఆ రోజు బానెట్ వెచ్చగా ఉంది."

"ఎండకేమోలే."

నేను రాత్రి సిద్ధం చేసుకున్న మాటే. ఆయనే తీసి నా చేతికి అందిస్తున్నాడు. అందుకోలేకపోయాను.

"బండి అమ్మినాయన షెడ్డు నీడలో ఉంది నాన్నా. వెచ్చగా ఉందని నాకు తెలుసు. తెలిసే చల్లగా ఉందన్నాను."

ఆయన తిట్టలేదు. ఎందుకని కూడా అడగలేదు. వదినకి ఫోన్ చెయ్యమన్నాడు. చేశాను, ఎత్తలేదు. రోగి దగ్గర ఉన్నప్పుడు ఆమె ఫోను ఎత్తదు. లోపలి నుంచి అమ్మ, "తండ్రీకూతుళ్ళు లోపలికొస్తారా, అక్కడికే విస్తరి వెయ్యమంటారా" అంటోంది. నాన్న లేచాడు.

"నీ బండి తాళం తీసుకో. నువ్వే నడపాలి. నా చేతులు ఇంకా స్టీరింగ్ పట్టవు."

దారిలో ఆయన మాట్లాడిన మాటలు లెక్కపెడితే పదిలోపే. "రెండో గేర్." "తొక్కు." "ఎదురొచ్చేది చూసుకో." కొండ రోడ్డు ఒక పక్క రాళ్ళ గోడ, ఇంకో పక్క నడుమెత్తు పిట్టగోడ, కింద ఇళ్ళ కప్పులు. ప్రతి మలుపు దగ్గరా పిట్టగోడకి అవతల తొంగిచూడాలని, చూడకూడదని రెండూ అనిపించాయి. నాన్న మాత్రం ప్రతిచోటా చూశాడు. సీటులో ముందుకి వంగి, అద్దానికి నుదురు ఆనించి చూశాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా. వదినకి ఏమైందోనన్న భయం ఉండనే ఉంది. దాని పక్కనే ఇంకో ఆలోచన కూర్చుని ఉంది. నాకోసం అయితే ఈయన ఇలా చూసేవాడా అని. మూడో మలుపు దాటాం. నాలుగు దాటాం. నా ఎర్ర బండి రొప్పలేదు. రెండో గేర్లో నిక్కచ్చిగా, పొల్లు చప్పుడు లేకుండా ఎక్కుతోంది. పదకొండేళ్ళ బండి ఇలా ఎక్కుతుందా అని ఆశ్చర్యపోయే తీరిక కూడా నాకు లేదు.

పైన, నీళ్ళ ట్యాంకు పక్క సందులో తెల్ల బండి గోడకి ఆనుకుని ఆగి ఉంది. ఒక్క గీత కూడా లేదు. నేను స్టీరింగ్ మీద తల పెట్టేశాను. నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు.

"వెళ్ళి నువ్వే చెప్పు" అన్నాడు. "నా నోటితో నేను చెప్పను."

పెద్దాయన ఇంటి పక్కన సన్నటి దారి ఉంది, చివర ఒక కుళాయి. వదిన పని ముగించుకుని వచ్చి అక్కడ మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంటోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"వదినా, నీ బండి చైను వదులైందంటున్నాడు నాన్న. ఆ రోజు బానెట్ వెచ్చగా ఉంది. నేను అబద్ధం చెప్పాను."

ఆమె కడుక్కోవడం ఆపలేదు. "తెలుసు" అంది.

"తెలుసా?"

"నువ్వు అటు తిరిగాక నేనూ చెయ్యి పెట్టి చూశాను. ఇందాక స్టార్ట్ చేసినప్పుడు కూడా నీ మొహం చూశాను, ఇప్పుడన్నా చెప్తావేమోనని."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"ముందు నువ్వెందుకు చెప్పలేదో చెప్పు."

వారం రోజులుగా నాలో ఉడికిన ఉడుకంతా నోటి దాకా వచ్చింది. "నీకు పద్నాలుగొందలు చూశాడు. నాకు వెయ్యి చాలన్నాడు. ఇన్సూరెన్స్ తేడా కూడా ఆయనే కడతానన్నాడు. ఎప్పుడు చూసినా షెడ్డులో నువ్వూ ఆయనే. నేనొస్తే మాట ఆపేస్తారు. నేను ఆయన కూతుర్నా, నువ్వా?" అన్నాను. పైకి అనేసరికి అదంతా చిన్నపిల్లలు బలపం కోసం కొట్టుకున్నట్టు వినపడింది.

వదిన కుళాయి కట్టేసింది. నవ్వింది కానీ అది నవ్వు కాదు.

"నాలుగు నెలలు ఎవరి ఇంజన్‌కి లైటు పట్టుకుని నిలబడ్డాననుకున్నావు?"

"ఎవరో కస్టమర్‌ది."

"నీది."

వదిన తడి చేతులు దులుపుకుంది.

"ఆ ఎర్ర బండితో వచ్చిన ఇంజన్ పనికిరాదని తీసి పక్కన పడేశాడు. ఇంకో వెయ్యి సీసీ ఇంజన్ ఎక్కడి నుంచో తెచ్చాడు. బోల్టు బోల్టూ విప్పాడు. కిరసనాయిల్లో కడిగాడు, రింగులు మార్చాడు, చైను మార్చాడు. నచ్చకపోతే మళ్ళీ విప్పాడు. నట్టు బిగించిన ప్రతిసారీ 'మా చిన్నది ఎక్కే బండి, మా చిన్నది ఎక్కే బండి' అని ఒకటే జపం. నా చెయ్యి లాగేసేది, లైటు పక్కకి పోతే కసిరేవాడు. నీకు చెప్పొద్దన్నాడు. విప్పి కట్టిన ఇంజన్ అంటే నువ్వు ఎక్కవట."

అలా అన్న మాట నిజమే. ఏడాది క్రితం భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాను, ఎవరో విప్పి పారేసిన సామాను నాకొద్దని. నేను ఆ మాట ఆ పూటే మర్చిపోయాను. నాన్న మర్చిపోలేదు.

"నీకు తన చేత్తో కట్టాడు" అంది వదిన. "నాకు పోయి కొన్నాడు. ఇన్సూరెన్స్ తేడా కడతానన్నాడని నీకు కడుపు మండింది కదా. నాకు ఏడుపొచ్చింది. డబ్బిచ్చి పంపించేసినట్టు అనిపించింది. మంచి బండే చూశాడు, నా పనికి సరిపోయేదే చూశాడు, కాదనను. కానీ నీ ఇంజన్‌లో ఏ నట్టు ఎక్కడుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. నా దాంట్లో ఏముందో ఎవరికీ తెలియదు."

"అందుకని రోగమున్న బండి తెలిసి తెలిసి కొనుక్కున్నావా?"

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. "ఏదో చిన్నది ఉంటుందిలే అనుకున్నాను. ఉంటే మామయ్య దాన్ని కూడా విప్పుతాడు. దానికి కూడా నాలుగు నెలలు కూర్చుంటాడు. లైటు నువ్వు పట్టుకుందువుగాని."

నొప్పి దాచుకున్న రోగుల్ని నోటికొచ్చినట్టు తిట్టే మనిషి చేసిన పని ఇది. నాకు కోపం రావాలి. జాలి రావాలి. రెండూ వచ్చాయి, కానీ అన్నిటికంటే ముందు వచ్చింది సంతోషం. పుట్టి బుద్ధెరిగాక నన్ను చూసి కుళ్ళుకున్న మొదటి మనిషి నా ముందు నిలబడి ఉంది. అదీ వదిన. ఇన్నాళ్ళూ నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసిన వదిన. ఆ ఒక్క క్షణం నా అంత గొప్పది లేదనిపించింది.

ఆ క్షణం ఎంతోసేపు నిలవలేదు. వదిన నా భుజం మీదుగా వెనక్కి చూసి ఠక్కున నోరు మూసుకుంది.

నాన్న ఆ సన్నటి దారి మొదట్లో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. వచ్చి ఎంతసేపైందో ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

"మామయ్యా" అంది వదిన.

"నా చేతులు బాగాలేవని మీ ఇద్దర్నీ వెంట తీసుకెళ్ళాను" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. "ఒకళ్ళు కాకపోతే ఒకళ్ళు చెప్తారనుకున్నాను. ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఊరుకున్నారు."

"నాన్నా, తప్పు నాదే. ముందు అడిగింది నన్ను."

"తాళాలు ఇలా ఇవ్వండి. రెండూ."

ఆయన అరచెయ్యి చాపాడు. ఎర్రగా, ఇంకా పచ్చిగా ఉంది. మేం తాళాలు అందులో పెట్టాం. నా తాళం జేబులో వేసుకుని తెల్ల బండి వైపు నడిచాడు.

వదిన వెంటపడింది. "దాన్ని ఇక్కడే వదిలేద్దాం మామయ్యా. రేపు లారీ తెప్పించి ఎక్కిద్దాం. చైను అని నువ్వే అంటున్నావట కదా."

"ఇది కొన్నది నేను. దింపేదీ నేనే."

"స్టీరింగ్ పట్టలేనని ఇందాక నువ్వే అన్నావు నాన్నా" అన్నాను నేను.

ఆయన తలుపు తీసుకుని కూర్చున్నాడు. "మీ ఇద్దరిలో ఎవరినీ దీంట్లో కాలు పెట్టనివ్వను. వెంట కూడా రావద్దు" అని తలుపు వేసుకున్నాడు. చేతి వేళ్ళు ముడవక స్టీరింగ్‌ని మణికట్లతో పట్టుకున్నాడు. తాళం తిప్పడానికి రెండు చేతులూ వాడాల్సి వచ్చింది.

గలగలమని లేచింది. గంట పైగా ఆగి ఉంది కాబట్టి ఇంజన్ చాలావరకు చల్లారి ఉంటుంది. నేను లోపల అంకెలు చెప్పుకుంటున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. పొద్దున ఇక్కడికి తగ్గింది. పన్నెండు, పదమూడు. ఈసారి తగ్గలేదు. నాన్నకి అది నాకంటే ముందే వినపడి ఉంటుంది. అయినా బండి వెనక్కి తిప్పి, మా మొహాలు చూడకుండా, సందు దాటి కిందికి దిగిపోయాడు.

మేమిద్దరం నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి విన్నాం. పై నుంచి మొదటి మలుపు. బ్రేకు తొక్కిన చప్పుడు, మళ్ళీ గలగల. ఇల్లాలెవరో కిటికీ తీసి ఇదేం గోలని చూసింది. రెండో మలుపు వైపు దిగుతోంది. ఇంకా వినపడుతోంది.

తర్వాత వినపడలేదు.

"దూరం వెళ్ళిపోయాడులే" అంది వదిన. ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

దూరం వెళ్ళిన బండి చప్పుడు కొంచెం కొంచెంగా సన్నబడుతుంది. చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇది సన్నబడలేదు, తెగిపోయింది. నేను ఆ మాట పైకి అనలేదు, అనక్కర్లేకపోయింది. ఎర్ర బండి మా ముందే ఉంది, దాని తాళం ఆయన జేబులో ఉంది. ఇద్దరం పరుగందుకున్నాం.

మొదటి మలుపు దాకా నేనే ముందున్నాను. రెండో మలుపు దగ్గర వదిన నన్ను దాటింది. దాటి, గోడ మలుపు తిరిగి, అక్కడే ఆగిపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకి ఏం కనపడిందో నాకింకా కనపడలేదు.